ప్రేమకు వేషమెందుకు?



ఈ నెల నా మాటను ఒక గ్లాసు చాయ్‌తో మొదలుపెడుతున్నాను. ఆ చాయ్ నేను తాగలేదు. తాగనందుకే ఇదంతా మీకు రాయవలసి వచ్చింది.

మెదక్‌కు రాకముందు నేనొక పల్లె సంఘంలో సేవ చేసేవాడిని. వానాకాలం. ఒక సాయంత్రం ఇండ్ల ప్రార్థనలకు బయలుదేరి, బీడీలు చేసుకొని బ్రతికే ఒక విధవరాలి ఇంటికి వెళ్ళాను. ఇంట్లో ఆమె, ఏడెనిమిదేళ్ళ మనుమడు, ఇద్దరే. వాక్యం చదివి ప్రార్థన చేశాను. లేవబోతుంటే ఆమె, "జర కూసోండి అయ్యగారూ, చాయ్ పెడ్త" అన్నది.

"వద్దమ్మా, ఇప్పుడే తాగి వచ్చిన" అన్నాను.

నేను ప్రార్థన చేస్తుండగానే ఆమె పిల్లవాణ్ణి దుకాణానికి పంపినట్టుంది. వాడు పాల ప్యాకెట్ పట్టుకొని గడప దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, వాళ్ళ అవ్వను చూసి అన్నాడు: "నేను చెప్పలే అవ్వా? అయ్యగారు మనింట్ల తాగడని."

"ఊకోరా!" అని ఆమె వాణ్ణి గద్దించి, నా వైపు తిరిగి నవ్వింది. "పోరనికి ఏం తెల్వదు అయ్యగారూ, ఏమనుకోకుండ్రి" అన్నది. నేను కూడా నవ్వి, బైబిలు సంచి భుజాన వేసుకొని బయటపడ్డాను.

దారి పొడుగునా నాకు నేనే సమాధానం చెప్పుకొన్నాను. పేదరాలు గదా, ఆమెకు ఖర్చెందుకని వద్దన్నాను. అందులో తప్పేముంది? ఈ సమాధానం రెండు వీధుల వరకే నిలిచింది. ఎందుకంటే ఆ రెండు వీధుల అవతల, వాన కురిస్తే చూరంతా కారే ఇంకొక ఇంట్లో, అంతే పేదరాలైన ఇంకొక తల్లి చేతి చాయ్ నేను ఆ పొద్దున్నే తాగాను. పేదరికం రెండిండ్లలోనూ ఒకటే. తేడా వాడలో ఉంది. ఒకటి మాలవాడ, ఒకటి మాదిగవాడ. వాటిలో నా వాళ్ళది ఏది, నా వాళ్ళది కానిది ఏది అని మీరు అడగనక్కరలేదు. మన సంఘాలలో ఎవరి వాడ ఏదో అందరికీ తెలుసు.

మూడేండ్లు ఆ ఇంటికి పోయి వచ్చాను. మూడేండ్లలో ఒక్కసారి కూడా అక్కడ మంచినీళ్ళు ముట్టలేదు. అది నేను అనుకొని చేసిన పని కాదు. అనుకోకుండానే జరిగిపోయింది. నాకు కనబడనిది ఆ పిల్లవానికి కనబడింది. అంతకుముందు ఆదివారమే నేను రోమా పత్రిక 12వ అధ్యాయం 9వ వచనం తీసికొని, ప్రేమలో కపటముండరాదని ముప్పావుగంట ప్రసంగించాను!

ప్రియులారా, అపొస్తలుడైన పౌలు ఆ వచనములో వాడిన మాట గ్రీకు భాషలో అనుపోక్రితోస్. వేషము లేనిది అని దాని భావము. గ్రీకువారి నాటకశాలలో పాత్ర ధరించి ఆడేవానిని హుపోక్రితేస్ అనేవారు. మన పల్లెలవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. చిందు భాగోతం చూసినవారే గదా మనమంతా! రాత్రంతా కిరీటం పెట్టుకొని రాజుగా ఆడినవాడు, తెల్లవారగానే రంగు కడిగేసుకొని మన మధ్యనే నడుస్తాడు. వానిని మనం తప్పుపట్టం. అది ఆట అని వానికీ తెలుసు, మనకూ తెలుసు. కాని ఆదివారం పొద్దున గుడిలో తొడిగిన ప్రేమ అనే కిరీటాన్ని గుడి మెట్లు దిగగానే తీసి సంచిలో పెట్టుకొంటే, దానిని ఏమందాము? అది ఆట కూడా కాదు. ఎందుకంటే ఎదుటివాడు దానిని నిజమని నమ్ముతున్నాడు.

ఈ విషయములో నేను ఒంటరివాడను కానని గలతీ పత్రిక 2వ అధ్యాయము చదివినప్పుడు తెలిసికొన్నాను. అంతియొకయలో పేతురు అన్యజనులలోనుండి వచ్చిన విశ్వాసులతో కలిసి భోజనం చేసేవాడు. యెరూషలేము నుండి యాకోబు తాలూకు మనుషులు కొందరు వచ్చేసరికి, వారేమనుకొంటారోనని భయపడి మెల్లగా ఆ బల్ల నుండి వెనుదీసినాడు. ఆయనను చూసి మిగతా యూదులు, చివరకు అంతటి మంచివాడైన బర్నబా కూడా అదే పని చేశారు. పౌలు వారి పనికి పెట్టిన పేరు వేషధారణ. రోమా పత్రికలోని మాటా, ఈ మాటా ఒకే మూలములోనుండి వచ్చినవి. గమనించండి. పేతురు ఎవరినీ తిట్టలేదు. ఎవరినీ గుడిలోనుండి వెళ్ళగొట్టలేదు. అన్యజనుల రక్షణను కాదనలేదు. ఆయన చేసినది ఒక్కటే: వారితో కూర్చొని తినడం మానుకొన్నాడు. అంతమాత్రానికే పౌలు అందరి ముందర నిలబెట్టి అడిగాడు. ఒక కంచం దగ్గర సువార్తకే ముప్పు వచ్చిందని ఆయన గ్రహించాడు.

నేను తాగని ఆ చాయ్ చిన్న సంగతి అని ఇక నేనెట్లా అనుకోగలను?

కొందరు అడుగవచ్చు: "అయ్యగారూ, మనం పేదలకు సాయం చేస్తూనే ఉన్నాము గదా! క్రిస్మసుకు బట్టలిస్తున్నాం. జబ్బు చేసిన వారికి కానుక పడుతున్నాం. అది ప్రేమ కాదా?" తప్పక ప్రేమే. మన మెదక్ దేవాలయమే దానికి సాక్ష్యము. 175 అడుగుల ఆ గోపురము దూరం నుండే మనకు కనిపిస్తుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ గుడికి 2024 క్రిస్మసు నాటికి నూరేండ్లు నిండినవి. వెస్లియన్ మెథడిస్టు మిషనరీయైన ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కరువులో, ఆకలితో వచ్చినవారికి ఊరకే దానం పెట్టక పని చూపించి, ఆ పనికి అన్నం పెట్టారు. చేయి చాచి అడుక్కొనే అవస్థ వారికి రానీయలేదు. అందుచేత నేను దీనిని అన్నం పెట్టిన గుడి అనుకొంటాను. ఆ రాళ్ళు మోసినవారి మనుమలు, మునిమనుమలు నేడు మన సంఘాలలో ఉన్నారు.

అయితే ఆ కాలములోనే మన తెలుగు నేల మీద సేవ చేస్తున్న ఒక దైవసేవకుడు ఇంకొక అడుగు ముందుకు వేయమని అడిగాడు. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. ఆ ప్రాంతపు క్రైస్తవులు 1903లో స్థాపించుకొన్న ఇండియన్ మిషనరీ సొసైటీ తరఫున 1909లో దోర్నకల్ చేరి, తెలుగువారి మధ్య పనిచేశాడు. 1910 జూన్ నెలలో స్కాట్లాండు దేశములోని ఎడింబరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అప్పటికాయన వయస్సు 35 ఏండ్లు. మాట్లాడవలసిన సభ నిండా ఆయనకంటె పెద్దవారు, తెల్లవారు, ఆయన ప్రజలకు మేలు చేసినవారు.

ఆయన వారి త్యాగమును తక్కువ చేయలేదు. మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయమును తలచుకొని, మీరు మా బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరములను అర్పించారు అని ఒప్పుకొని, మేము ప్రేమను కూడా అడుగుతున్నాము అన్నాడు. చివరికి ఒకటే అడిగాడు. మాకు స్నేహితులు కావాలి అన్నాడు. మిషనరీలకు, వారితో పనిచేసే ఈ దేశపు సేవకులకు మధ్య యజమానికి, పనివానికి మధ్య ఉండే దూరమే తప్ప స్నేహము లేదని మొహమాటం లేకుండా చెప్పాడు. ఆ మాట సభలో కొందరికి నచ్చలేదు. అయినను ఆ మహాసభను గూర్చి మాట్లాడినప్పుడెల్లా నేటికిని ఆ మాటను తలచుకొనుచునే ఉన్నారు. ఆయనే 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా దోర్నకల్ మేత్రాసనము నెక్కాడు.

ఇచ్చుటకును స్నేహమునకును ఏమి భేదము? ఆ పిల్లవాని మాట విన్న తరువాత నాకు తోచినది చెబుతాను. ఇచ్చేటప్పుడు నా చేయి పైన ఉంటుంది, ఎదుటివాని చేయి కింద ఉంటుంది. ఆ చేయి ఎప్పటికీ కిందనే ఉంటే, నేను దాతను, వాడు పుచ్చుకొనేవాడు. ఒక్కనాడైనా వాని చేతినుండి నేను తీసికొన్ననాడే మేము అన్నదమ్ములము. ఆ తల్లి ఇంటికి నేను మూడేండ్లు ప్రార్థన ఇచ్చాను, వాక్యమిచ్చాను, సంఘపు నిధిలోనుండి ఒకసారి బియ్యము కూడా ఇప్పించాను. ఆమె దగ్గరనుండి ఏమీ పుచ్చుకోలేదు. పుచ్చుకోవద్దనే నా లోపలి మనసు కోరింది.

మన ప్రభువు అట్లు చేయలేదు. యోహాను సువార్త 4వ అధ్యాయములో ఆయన సమరయ స్త్రీకి జీవజలమును గూర్చి బోధించక ముందే, తాగడానికి నీళ్ళు అడిగాడు. యూదులు సమరయుల పాత్ర ముట్టని కాలమది. ఆమె మొదట ఆశ్చర్యపడినది ఆయన బోధకు కాదు, ఆయన అడిగినందుకు. జక్కయ్య ఇంటికి ఆయన తానై వస్తానన్నాడు. ఊరంతా సణిగినా ఆ ఇంటి భోజనం చేశాడు. ఏలీయా సారెపతు విధవరాలిని రొట్టె అడిగిననాటికి, ఆమె తొట్టిలో మిగిలినది పిడికెడు పిండి. పేదవాని ఇంట తింటే వానికి భారమని మనమంటాము. మన భారం వారికి తెలుసు. మన అయిష్టం కూడా వారికి తెలుసు. ఈ రెండింటి తేడా ఏడేండ్ల పిల్లవానికి కూడా తెలుస్తుంది. ఇక్కడ ఒక మాట. కోడి కోయించుకొని తినే సేవకుడను కావాలని నేననడం లేదు! పెట్టే చేతికి బరువు కాకుండా, పెట్టే మనసును చిన్నబుచ్చకుండా ఉండడం నేర్చుకోవాలంటున్నాను.

రెండు వారాలు నేను తాళలేక, తిరిగి ఆ ఇంటికి వెళ్ళాను. రెండు వారాలెందుకు పట్టిందంటే, సిగ్గు. గడపలో నిలబడి, "అమ్మా, చాయ్ పెడ్తవా?" అని అడిగాను. ఆమె నన్నొక్క నిమిషం చూసింది. ఏమీ అనలేదు. పిల్లవాడు మాత్రం డబ్బులు తీసికొని దుకాణానికి ఉరికాడు.

స్టీలు గ్లాసులో చాయ్ ఇచ్చి, ఆమె గడప దగ్గర కూర్చున్నది. "నీవు కూడ తాగమ్మా" అంటే ఇంకొక గ్లాసు తెచ్చుకొన్నది. ఇద్దరం తాగుతున్నాము. అప్పుడు ఆమె చెప్పింది. ఆ పిల్లవాని తండ్రి, అంటే ఆమె కొడుకు, దుబాయి పోయి ఏడాది దాటిందట. ఎనిమిది నెలలుగా ఫోను లేదు, పైసలు లేవు. ఏజెంటుకు కట్టిన అప్పు మీద మిత్తి పెరుగుతున్నది. రాత్రిళ్ళు నిద్ర పట్టదు.

"ఇన్ని రోజులు ఒక్కసారి కూడ చెప్పకపోతివి గదమ్మా! ప్రార్థన మనవులు అడిగినప్పుడల్లా, అందరం మంచిగున్నం అంటివి" అన్నాను.

"మీరు నిలబడే అడుగుతుంటిరి అయ్యగారూ" అన్నదామె. "నిలబడ్డోళ్ళకు ఎంత చెప్తం?"

ప్రియులారా, ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. నేను వేషం వేసుకొని ఆమె ఇంటికి వెళ్ళినందున, ఆమె కూడా ఒక వేషం వేసుకొని నాకు ఎదురువచ్చేది. "మంచిగున్నం" అనే వేషం. మన సంఘాలలో ఆదివారం నాడు "వందనాలు, బాగున్నారా?", "బాగున్నామండి" అని చెప్పుకొనే మాటలలో ఎన్ని ఇట్లాంటివో! ఒకరి ప్రేమ నిజమైతే తప్ప ఇంకొకరి కన్నీరు బయటికి రాదు.

ఆమె కొడుకు సంగతి వెంటనే తేలలేదు. తేలిందని రాసి మిమ్మును సంతోషపెట్టాలని నాకు ఉంది గాని, అది నిజం కాదు. ఆ రోజు నుండి ఆమె ఆ భారమును ఒంటరిగా మోయలేదు. ఇది మాత్రం నిజం. స్త్రీల మైత్రివారు వారానికొకసారి ఆమె ఇంట్లో కూడుకొన్నారు. సంఘములో చదువుకొన్న ఒక యువకుడు ఆ పనివాని కంపెనీ వివరాలు వెదికి కాగితాలు రాసిపెట్టాడు.

ఇంకొక సంగతి కూడా దాచను. నా వాడవారు ఇద్దరు నా దగ్గరకు వచ్చారు. "అయ్యగారు ఆ ఇంట్ల చాయ్ తాగిండట గదా" అని మెల్లగా అడిగారు. అంతియొకయకు వచ్చిన యాకోబు మనుషులే జ్ఞాపకమొచ్చారు. పేతురు పడిన భయం నాకూ కలిగింది. కాని దేవుడు మాట ఇచ్చాడు. "ప్రభురాత్రి భోజనమప్పుడు మనమందరము ఒకే పాత్రలోనుండి తాగుతున్నాము గదా. గుడిలో ఆమె పెదవి తాకిన పాత్ర మీకు పరిశుద్ధమైతే, ఇంట్లో ఆమె కడిగి ఇచ్చిన గ్లాసు నాకెట్లా మైల అవుతుంది?" అన్నాను. ఒకరు తల వంచుకొన్నారు. ఇంకొకరు కొన్ని ఆదివారాలు గుడికి రాలేదు. తరువాత వచ్చారు. నిష్కపటమైన ప్రేమకు వెల ఉంటుంది. ఆ వెల ముందుగా మనవారి దగ్గరే చెల్లించవలసి ఉంటుంది.

మన దక్షిణ ఇండియా సంఘము కూడా ఒక బల్ల కొరకు పుట్టినదే. 1919లో తరంగంబాడిలో అజరయ్య గారు, మరికొందరు సేవకులు కూడి, వేరువేరు మిషనుల సంఘాలు ఒకటి కావాలని తీర్మానించుకొన్నారు. ఆ కోరిక నెరవేరడానికి 28 ఏండ్లు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఒకటైనవి. మన మెదక్ డయాసిస్ కూడా ఆనాటిదే. అజరయ్య గారు ఆ దినము చూడలేదు. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. వేరువేరు దేశాల మిషనులు ఒక బల్ల దగ్గరకు రాగలిగినప్పుడు, ఒకే ఊరి రెండు వాడలు ఒక పంక్తిలో కూర్చోలేవా?

కాబట్టి ఈ నెల మన ఇండ్లలో నాలుగు పనులు చేద్దామని మిమ్మును బతిమాలుకొంటున్నాను.

మొదటిది: ఆరాధన అయిన తరువాత "బాగున్నారా" అని అడిగితే, జవాబు వచ్చేదాకా ఆగండి. కుదిరితే కూర్చొని అడగండి.

రెండవది: రెండు ఆదివారాలు వరుసగా కనబడని వారి ఇంటికి ఎవరైనా వెళ్ళండి. చందా పుస్తకం వెంట తీసికొని పోకండి. ఎందుకు రాలేదని నిలదీయకండి. ఊరకే వెళ్ళి పలకరించండి.

మూడవది: ప్రేమవిందులో ఎవరి వాడవారు వారే ఒక మూలకు చేరకుండా కలిసి కూర్చోండి. వడ్డించేవారిని కూడా అన్ని వాడల నుండి నియమించమని సంఘ పెద్దలకు నా మనవి. కొరింథు సంఘములో బల్ల దగ్గర కలిగిన భేదములను పౌలు ఎంత కఠినముగా గద్దించాడో మొదటి పత్రిక 11వ అధ్యాయములో చదువుకోండి.

నాలుగవది: మీరు ఇంతవరకు ఏమీ తినని, తాగని ఒక విశ్వాసి ఇల్లు ఏదో మీ మనస్సాక్షికి తెలుసు. ఆ ఇంటికి వెళ్ళండి. వాళ్ళేమిస్తే అది పుచ్చుకోండి. తరువాత వాళ్ళను మీ ఇంటికి పిలవండి. వాకిట్లో కాదు, లోపలికి.

చివరిగా ఒక ఆదరణ మాట. అంతియొకయలో వేషధారి అని గద్దింపు పొందిన ఆ పేతురే, తరువాతి కాలములో విశ్వాసులకు పత్రిక రాస్తూ, కపటము లేని సహోదర ప్రేమ కలిగియుండవలెనని బోధించాడు. మొదటి పేతురు 1వ అధ్యాయము 22వ వచనము చూడండి. గ్రీకులో పౌలు రోమీయులకు వాడిన మాటే అక్కడ కూడా ఉన్నది. అందరి ఎదుట తప్పు పట్టబడినవాడు ఆ పాఠము మరువలేదు. తప్పిపోయిన కాపరికి కూడా ప్రభువు రెండవ గ్లాసు చాయ్ ఇస్తాడు. నాకిచ్చాడు. మీకును ఇస్తాడు.

ప్రేమామయుడవైన తండ్రీ, మా పెదవుల మీది ప్రేమను మా చేతులలోకి, మా చేతులలోని ప్రేమను మా హృదయములోకి దింపుము. నీ బల్ల యొద్ద మమ్మును ఒకటిగా కూర్చుండబెట్టినట్లు, మా ఇండ్లలోను కూర్చుండబెట్టుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.